చుక్కకీ చుక్కకీ మధ్య

క్రాన్ పట్నంలో నవంబరు సాయంత్రం
నాలుగున్నరకే చీకటి.
రెండో అంతస్తులో ఒక్క గది వెలుగుతోంది.
తెర మీద నీలి గీత.
కొండ మీది ఆరో స్తంభం, దాని భుజాన ఇనుప చెయ్యి,
చేతి మీద తీగ, తీగకి వేలాడే పెట్టెలో
నలభై మంది బరువు, పక్కనుంచి ఈడ్చి కొట్టే గాలి.
ఇవేవీ ఇంకా లేవు.
కొండ ఉంది. మిగతాదంతా లెక్క.

యెర్నేయా కోబాల్ మౌసుని గీత వెంట నడిపిస్తోంది
పసిపిల్ల వేలు పట్టుకుని మెట్లెక్కించినట్టు.
ఆగిన చోటల్లా చిన్న పసుపు చీటీ లేస్తుంది.
అన్నిటికన్నా ఎత్తున, పన్నెండున్నర సెకన్ల దగ్గర:
రెండు వందల ముప్ఫై ఎనిమిది పాయింట్ ఆరు.
పైన ఎర్రగీత, రెండు వందల నలభై ఐదు.
దాటకూడదు.
దాటలేదు.
అంకె కాయితమ్మీదికెక్కింది. ఆమె కోటు అందుకుంది.

"ఎవరు చెప్పారా అంకె?"
వెనక కుర్చీలోంచి త్సిరిల్ మ్లేకుష్.
మార్చిలో రిటైరవుతాడు. సొరుగులో ఇప్పటికీ
అంచు విరిగిన స్కేలు, దాన్ని కాయితానికి ఆనించి
పెన్సిలు గీత మందం కూడా మినహాయించి
విలువ చదివిన చెయ్యి.
"గ్రాఫు."
"గ్రాఫులో ఎవరు? చుక్కా, గీతా?"

ఆమెకి ఒళ్ళు మండింది. బస్సు ఐదుంబావుకి.
అయినా కోటు చేతిమీదే ఉంచుకుని
మెనూలో వెతికి బిందువులు చూపించమంది.
గీత మీద చుక్కలు పొడిచాయి.
ఎన్నో లేవు. అర సెకనుకొకటి,
అప్పుడే చీకటి పడ్డ ఆకాశంలో లాగా.
"చుక్కే," అంది గెలిచినట్టు. "సరిగ్గా చుక్క మీదే ఉంది."
"మంచిది. దాని పక్క చుక్క?"
"పదమూడో సెకను."
"గాలి గుద్దు ఎంతసేపు?"

ఆమె జవాబు చెప్పలేదు.
మూడో వంతు సెకను.
రెండు చుక్కల నడుమ మౌసు పెట్టి చూసింది.
అక్కడా చీటీ లేచింది, అక్కడా ఏదో అంకె, దశాంశంతో సహా,
ఏ తడబాటూ లేకుండా.
అక్కడ ఎవరూ ఏమీ లెక్క కట్టలేదు.
ఈ చుక్కకీ ఆ చుక్కకీ దారం లాగి
దారం ఎత్తు చదివి వినిపిస్తోంది యంత్రం.
అబద్ధమనడానికి లేదు.
అడగని చోటు సంగతి దానికేం తెలుసు?

కోటు మళ్ళీ కొక్కేనికెక్కింది.
అర సెకనుని యాభై ముక్కలు చేసి లెక్క మళ్ళీ మొదలుపెట్టింది.
కంప్యూటరు రొప్పుతోంది. బస్సు వెళ్ళిపోయింది.
త్సిరిల్ ఎండు బేరిపండు ముక్కల పొట్లం విప్పాడు.
"నీ వయసులో," అన్నాడు నములుతూ,
"పదికీ నూటికీ సరిగ్గా మధ్యనున్నదాన్ని
యాభై ఐదని చదివాను.
అది లాగరిథం అక్షం. ముప్ఫై రెండు కూడా లేదు."
"ఏమైంది?"
"బోల్టులు లావయ్యాయి. ఎవరూ ఏమీ అనలేదు.
ఆ లిఫ్టు ఎక్కినప్పుడల్లా తల పక్కకి తిప్పుకుంటాను."
ఆమె నవ్వింది. బేరిపండు ముక్క తీసుకుంది.

ముప్పావు గంటకి గీత మళ్ళీ వచ్చింది.
పాత చుక్కలు వాటి చోట్లలోనే ఉన్నాయి, ఇసుమంత కదలకుండా.
వాటి మధ్య,
దారం నున్నగా సాగిన చోట,
ముల్లు.
పన్నెండు పాయింట్ ఏడు ఒకటి.
రెండు వందల యాభై ఒకటి పాయింట్ మూడు.
ఎర్రగీత దాని నడుం దగ్గర ఉంది.

ఇద్దరూ కాసేపు మాట్లాడుకోలేదు.
ఆమె కాయితమ్మీది అంకె కొట్టేసింది, చెరిపెయ్యలేదు,
కింద కొత్తది రాసింది,
పలక మందం పదహారు దగ్గర పద్దెనిమిది అని రాసి
పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.
రేపు మళ్ళీ లెక్క.

స్టేషనుకి నడుస్తుంటే మంచు సన్నగా పడుతోంది.
తనకి తెలియకుండానే లెక్కపెడుతోంది,
పది, పదకొండు, పన్నెండు...
ఎప్పుడో, ఆ స్తంభం నిజంగా లేచాక,
పెట్టె దాని పక్కనుంచి పోతూ ఒక్కసారి ఊగుతుంది.
లోపల ఎవరో పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని
"అమ్మో" అని, సిగ్గుపడి నవ్వుతారు.
అదే అది.